దారం చివర ఇత్తడి



రేడియోలో ఈ మాటలు చెబుతున్నప్పుడు నా ఎదురుగా బల్ల మీద ఒక చిన్న ఇత్తడి వస్తువు ఉంది. పైన గుండ్రంగా ఉండి, కిందికి పోనుపోను సన్నబడి, చివర మొన తేలి ఉంటుంది. తాపీమేస్త్రీలు గోడ నిలువు చూసుకోడానికి వేలాడదీసే గుండు చూశారు కదా, దాన్ని బొటనవేలంత చేసినట్టు ఊహించుకోండి. దాని నెత్తిన జానెడు దారం. దారం రెండో కొసకి చిన్న చెక్కపూస. ఆ పూసని రెండు వేళ్ళ మధ్య పట్టుకుని, గుండుని గాలిలో వదిలి, మనసులో ఒక ప్రశ్న వేసుకుని కూర్చోవాలి. ముందుకీ వెనక్కీ ఊగితే ఒక జవాబు, గుండ్రంగా తిరిగితే ఇంకో జవాబు. గోడగడియారానికి వేలాడే లోలకం టైము చెబుతుంది. దీన్ని జనం టైము అడగలేదు. తప్పిపోయినవాడు బతికున్నాడా, నీళ్ళు ఎక్కడ పడతాయి, ఈ జబ్బు తగ్గుతుందా అని అడిగారు.

కొన్నేళ్ళ కిందట పారిస్ వెళ్ళినప్పుడు, ఆ ఊరి ఉత్తరపు అంచున సాంతువాఁ అనే చోట శని, ఆది, సోమవారాల్లో జరిగే పాతవస్తువుల సంతకి వెళ్ళాను. ఒక ముసలాయన రేకుడబ్బాలో తాళంచెవులు, గుండీలు, అద్దాలు ఊడిన కళ్ళజోళ్ళు కలగలిపి పెట్టుకున్నాడు. వాటి అడుగున ఇది దొరికింది. మీద వేసిన నికెల్ పూత, వేళ్ళు తగిలే చోటల్లా అరిగి, లోపలి ఇత్తడి బయటపడింది. నేను కొన్నది ఆ అరుగుదల చూసే. కొత్త లోలకాలు కూడా ఆ ఊళ్ళో అమ్ముతారు. ఊదారంగు రాళ్ళవి, గులాబీరంగు రాళ్ళవి, సన్నటి గొలుసుతో, పట్టుసంచితో సహా. అందంగానే ఉంటాయి. కాని వాటిని ఇంకా ఎవరూ ఏమీ అడగలేదు. పాత లోలకాలు ఏరుకునేవాళ్ళు నాలాంటివాళ్ళు చాలామందే ఉన్నారు. వాళ్ళలో జోస్యం నమ్మేవాళ్ళు కొందరు, అసలు నమ్మనివాళ్ళు కొందరు. నేను నమ్మను. అయినా దీన్ని చేతిలోకి తీసుకుంటే ఎవరో వాడుతున్న వస్తువు అడక్కుండా ముట్టుకున్నట్టు అనిపిస్తుంది. ఎందుకలా అనిపిస్తుందో ఇవాళ మీకు చెప్పాలని.

దారానికి వేలాడే వస్తువుని ప్రశ్న అడగడం చాలా పాత అలవాటు. దాని గురించి మనకి మిగిలిన పాత కథల్లో ఒకటి భయంకరమైన కథ. క్రీస్తుశకం 371, 372 ప్రాంతంలో, ఇప్పుడు టర్కీలో ఉన్న అంటియోక్ నగరంలో జరిగింది. రోమన్ చక్రవర్తి వాలెన్స్ పాలన. చరిత్రకారుడు అమ్మియానస్ మార్సెలినస్ దాన్ని వివరంగా రాసిపెట్టాడు. కొందరు పెద్దమనుషులు చక్రవర్తి తరవాత రాజ్యం ఎవరిదో తెలుసుకోవాలనుకున్నారు. సుగంధద్రవ్యాలతో ఇల్లు శుద్ధి చేశారు. లారెల్ పుల్లలతో ముక్కాలిపీట అల్లారు. దాని మీద లోహపు పళ్ళెం పెట్టారు. పళ్ళెం అంచు చుట్టూ గ్రీకు అక్షరాలు ఇరవైనాలుగూ చెక్కి ఉన్నాయి. నారబట్టలు, నారచెప్పులు తొడుక్కున్న ఒకాయన పళ్ళెం పైన నిలబడి, సన్నటి దారానికి కట్టిన ఉంగరాన్ని ఊపుతున్నాడు. ఉంగరం ఊగుతూ ఊగుతూ ఒక్కో అక్షరాన్ని తాకుతుంది, పక్కవాళ్ళు కూడబలుక్కుంటారు. రాబోయే రాజు పేరు అడిగితే ‘థియో’ అన్న ముక్కని తాకి, దాని పక్కన ఇంకో అక్షరం కలిపింది. అక్కడున్న ఒకాయన ఉండబట్టలేక "థియోడోరస్!" అని అరిచేశాడు. థియోడోరస్ కొలువులో మంచి పేరున్న ఉద్యోగి. ఇంక మిగతా అక్షరాలు అడిగే పని లేదనుకుని అక్కడితో ఆపేశారు.

సంగతి బయటికి పొక్కింది. ఆ ముక్కాలిపీటని విచారణలోకి పట్టుకొచ్చి, దాన్ని ఎలా వాడారో వాళ్ళ చేతే చెప్పించారు. థియోడోరస్‌ని చంపించారు, ఉంగరం ఊపినవాళ్ళనీ చంపించారు, ఏ పాపమూ ఎరగని ఎందరినో చంపించారు. 378లో ఎడ్రియానోపుల్ యుద్ధంలో వాలెన్స్ చనిపోయాడు. మరుసటి ఏడాది ఆ సింహాసనం మీద కూర్చున్నవాడి పేరు థియోడోసియస్.

కథ ఇక్కడికి రాగానే వినేవాళ్ళకి ఒళ్ళు గగుర్పొడుస్తుంది, ఉంగరం నిజమే చెప్పిందే అని. నాకు మాత్రం ఆ అరిచినవాడి దగ్గరే ఆలోచన ఆగిపోతుంది. ఆ గదిలోని వాళ్ళందరికీ థియోడోరస్ మీద ముందే గురి ఉంది. ఉంగరం సగం పేరు చెప్పింది, మిగతా సగం మనుషులు నింపుకున్నారు. ఆ మొదటి సగం మాత్రం ఎక్కడినుంచి వచ్చింది? దానికి జవాబు రావడానికి 1,400 ఏళ్ళు పైన పట్టింది.

జవాబు చెప్పినాయన పేరు మిషెల్ యూజెన్ షెవ్రెల్. ఫ్రాన్సు దేశపు రసాయనశాస్త్రవేత్త. 1786లో పుట్టి 1889లో పోయాడు, అంటే నూట రెండేళ్ళు నిండా బతికాడు. సబ్బుల్లో, కొవ్వుల్లో ఏముంటుందో తేల్చినవాడు. పారిస్‌లో గొబెలిన్ నేతశాలలో రంగుల విభాగానికి పెద్దగా ఉండి, పక్కపక్కన పెట్టిన రెండు రంగులు ఒకదాన్నొకటి ఎలా మార్చి చూపిస్తాయో రాసినవాడు. ఐఫిల్ టవర్ మీద చెక్కిన డెబ్బైరెండు పేర్లలో ఆయన పేరూ ఉంది. ఆయన కుర్రవాడుగా ఉన్న రోజుల్లో లోలకం సంగతి ప్రయోగశాలల్లోకి కూడా వచ్చింది. దారానికి కట్టిన ఇనప ఉంగరాన్ని పాదరసం మీద పట్టుకుంటే ఊగుతుందని, మధ్యలో గాజుపలక అడ్డం పెడితే ఆగుతుందని, ఇదేదో కొత్తరకం విద్యుత్తు అని చదువుకున్నవాళ్ళే చెప్పుకునేవారు.

1812లో షెవ్రెల్ తనే చేసి చూశాడు. ఉంగరం ఊగింది. గాజుపలక పెట్టాడు, నెమ్మదించి ఆగింది. ఆయన ఆశ్చర్యపోయాడు, ఆ ఆశ్చర్యాన్ని దాచుకోలేదు కూడా. ఇంకొకరయితే అక్కడితో సంతోషించి పుస్తకం రాసుకునేవారు. ఆయన చేతికింద కర్రదిమ్మ పెట్టాడు. ముందు భుజం దగ్గర ఆనించాడు, తరవాత కొంచెం ముందుకి జరిపాడు, ఇంకొంచెం ముందుకి. దిమ్మ వేళ్ళ వైపు జరిగే కొద్దీ ఊపు తగ్గుతూ వచ్చి, వేళ్ళకే ఆధారం దొరికేసరికి పూర్తిగా నిలిచిపోయింది. తరవాత కళ్ళకి గంతలు కట్టించుకున్నాడు. గాజుపలక ఎప్పుడు పెడుతున్నారో, ఎప్పుడు తీస్తున్నారో తనకి తెలియకుండా పక్కవాళ్ళని పెట్టమన్నాడు. ఈసారి గాజుకీ ఊపుకీ ఏ సంబంధమూ కనబడలేదు. ఊగుతుందని తను అనుకున్నందుకే ఊగింది, ఆగుతుందని అనుకున్నందుకే ఆగింది. చెయ్యి కదిపింది తనే, కదిపినట్టు తనకే తెలియదు. 1833లో ఆంపియర్‌కి రాసిన బహిరంగ లేఖలో ఆయన ఇదంతా బయటపెట్టాడు. కరెంటుని కొలిచే ఆంపియర్ అన్న మాట ఎవరి పేరు మీద వచ్చిందో ఆయనే ఈ ఆంపియర్. మళ్ళీ 1854లో, బల్లలు వాటంతట అవే కదులుతున్నాయన్న వెర్రి యూరప్ అంతా పాకినప్పుడు, దీని మీదే ఒక పుస్తకం రాశాడు.

మీరూ చేసి చూడొచ్చు. ప్రసంగం అయ్యాక తీరిగ్గా చెయ్యండి. జానెడు దారానికి మీ ఉంగరం కట్టండి. కాయితం మీద కూడికగుర్తు గీయండి, ఒక గీత మీ వైపు నిలువుగా, ఇంకోటి అడ్డంగా. మోచెయ్యి బల్ల మీద ఆనించి, గీతలు కలిసే చోట ఉంగరాన్ని వేలాడదీయండి. చెయ్యి కదపద్దు. చూపు మాత్రం నిలువు గీత మీదే పెట్టి, దాని పొడుగునా పోతూ వస్తూ ఉండండి. కాసేపటికి ఉంగరం ఆ గీత వెంట ఊగడం మొదలుపెడుతుంది. చూపు అడ్డగీత మీదికి మార్చండి. కొంచెంసేపు తడబడి, అటు తిరుగుతుంది. ఒట్టు, మీరు కదపలేదు! ఎవరిని అడిగినా అలాగే చెబుతారు. అందులో అబద్ధం లేదు. 25 సెంటీమీటర్ల దారానికి వేలాడే గుండు ఒకసారి పోయి రావడానికి దాదాపు ఒక సెకను పడుతుంది. అట్లతద్దినాడు చెట్టుకి కట్టిన ఉయ్యాలని చూడండి. నిండుమనిషి కూర్చున్నా సరే, సరిగ్గా సమయం చూసి ఒక్క వేలితో తోస్తూ ఉంటే అది కొమ్మలదాకా లేస్తుంది. వేలి కొసలో కంటికి కనబడనంత కదలిక ఉంటే చాలు, ప్రతి సెకనుకీ ఒకసారి దారం దాన్ని పోగుచేసుకుంటుంది.

అదే రోజుల్లో, అదే పారిస్‌లో ఇంకో లోలకం వేలాడింది. 1851లో ఫూకో అనే ఆయన పాంథియాన్ గోపురం నుంచి 67 మీటర్ల తీగకి 28 కిలోల గుండు కట్టి, భూమి తన చుట్టూ తాను తిరగడాన్ని జనానికి కళ్ళారా చూపించాడు. ఆ తీగని ఏ చెయ్యీ పట్టుకోలేదు, అందుకే అది భూమి సంగతి చెప్పగలిగింది. చెయ్యి పట్టుకున్న లోలకం ఆ చేతి సంగతి చెబుతుంది. నాకు రెండూ గొప్పగానే కనబడతాయి.

షెవ్రెల్ అంత విడమరిచి చెప్పాక లోలకాలు మూలపడి ఉండాలి. పడలేదు సరికదా, వాటి మంచికాలం అసలు ఆ తరవాతే వచ్చింది. ఇరవయ్యో శతాబ్దం మొదటి సగంలో ఫ్రాన్సు, స్విట్జర్లాండ్ పల్లెల్లో లోలకాన్ని చేతబట్టినవాళ్ళలో పేరుమోసినవాళ్ళు చర్చి ఫాదర్లు. ఉత్తర ఫ్రాన్సు సముద్రతీరాన ఆర్దెలో అనే ఊళ్ళో ఆబే బూలి అనే ఫాదరు ఉండేవాడు. 1930 ప్రాంతంలో ఈ విద్యకి రేడియెస్తేజి అని ఆయనే పేరు పెట్టాడు. లాటిన్‌లో కిరణం అనే మాట, గ్రీకులో ఇంద్రియజ్ఞానం అనే మాట కలిపి కుట్టిన పేరు. అప్పుడప్పుడే ఇళ్ళల్లోకి రేడియోలు వస్తున్న కాలం. కంటికి కనబడని అలలు గోడలు దాటి వచ్చి మాట్లాడుతున్నాయంటే, భూమిలోని నీరు కూడా ఏదో కిరణం పంపుతుందేమోనని జనానికి అనిపించడంలో వింతేముంది! మీరు ఇప్పుడు నా గొంతు వింటున్న ఈ పెట్టెకీ, నా బల్ల మీది గుండుకీ ఆ మేరకి చుట్టరికం ఉంది.

అందరికన్నా పేరు తెచ్చుకున్నవాడు స్విట్జర్లాండ్‌లో పనిచేసిన ఆబే మెర్మే. 1937లో పోయాడు. తండ్రి, తాత కూడా నీళ్ళజాడ చూపించేవాళ్ళే. మెర్మే పొలాల్లో తిరగడంతో ఆగకుండా, ఇంట్లో కూర్చుని మ్యాపు మీద లోలకం ఆడించి, నీళ్ళెక్కడో తప్పిపోయినవాళ్ళెక్కడో చెప్పేవాడు. ఆయన పేరు మీద ఒక రకం లోలకం ఇప్పటికీ చలామణిలో ఉంది. నా దగ్గర ఉన్నది ఆ రకమే. దాని విశేషం ఏమిటంటే, లోపల డొల్ల. పైమూతకి మరలు ఉంటాయి. మూత తిప్పి తీసి, లోపల వెతుకుతున్నదాని మచ్చు పెట్టాలి. బంగారం వెతుకుతుంటే బంగారపు రజను, మనిషిని వెతుకుతుంటే వాళ్ళ వెంట్రుకో, బట్టపీలికో. ఆ మచ్చుని ఫ్రెంచి భాషలో తెమ్వాఁ అంటారు. తెమ్వాఁ అంటే సాక్షి.

కొన్న నెలరోజులదాకా నాకు ఇది తెరుచుకుంటుందని తెలియదు. మరలు బిగుసుకుపోయి ఉన్నాయి. ఒకరాత్రి రెండు చుక్కలు కుట్టుమిషను నూనె వేసి వదిలేసి, పొద్దున పాతబట్టతో పట్టుకుని తిప్పితే, కిర్రుమని కదిలింది. లోపల గోరంత బూడిదరంగు ఉన్ని ఉంది. నాలుగైదు పోగులు, వేలికి చుట్టి తీసినట్టు ఉంగరాలుగా మడతపడి ఉన్నాయి. స్వెట్టరు చేతి అంచునుంచి లాగిన పోగులేమో. ఇంకేమీ లేదు, చీటీ లేదు, పేరు లేదు. కిటికీ దగ్గర నిలబడి వాటిని చాలాసేపు చూశాను.

1940 వేసవిలో జర్మన్లు ఫ్రాన్సుని ఆక్రమించినప్పుడు సుమారు 18 లక్షలమంది ఫ్రెంచి సైనికులు ఖైదీలయ్యారు. రోడ్ల మీద పడి పారిపోయే జనంలో పిల్లలు తల్లులనుంచి తప్పిపోయారు. ఉత్తరం వస్తుందో రాదో తెలియని ఇళ్ళల్లో, ఫోటో మీద దారం వేలాడదీసుకుని కూర్చున్న ఆడవాళ్ళని నేను ఊహించుకోగలను. ఆ ఉన్నిపోగు అలాంటి ఇంటిదేనని నేను అనను, నా దగ్గర ఏ రుజువూ లేదు. కాని ఒక ఉన్నిపోగుని ఎవరూ ఊరికే ఇత్తడిలో పెట్టి బిగించరు. 1942లో కాథలిక్ చర్చి, మనుషుల సొంత సంగతులు లోలకంతో చెప్పడాన్ని తన ఫాదర్లకి నిషేధించింది. నిషేధించవలసినంతగా జనం వాళ్ళ గుమ్మాల ముందు నిలబడ్డారని నేను దాన్ని చదువుకుంటాను. ఆ మరుసటి ఏడాదే బెల్జియంలో హెర్జె అనే ఆయన టిన్‌టిన్ బొమ్మల కథలోకి చెవులు సరిగ్గా వినబడని ఒక ప్రొఫెసర్‌ని తెచ్చి, అతని చేతికి లోలకం ఇచ్చాడు. పిల్లలు నవ్వుకున్నారు. అప్పటికి చాలా ఊళ్ళల్లో అలాంటి పెద్దాయన ఒకరు ఉండేవారు కాబట్టేనేమో ఆ బొమ్మని వెంటనే గుర్తుపట్టారు.

ఇంతవరకూ దూరదేశపు సంగతి. ఇంక మా ఇంటి సంగతి చెప్పక తప్పదు.

మాది అనంతపురం జిల్లా. నాయన శెనక్కాయలు పండించేవాడు. నా చిన్నప్పుడు వరసగా రెండేళ్ళు వానలు లేక, బోరు వేయించాలనుకున్నాడు. బోరు పాయింటు చూపించడానికి ఒకాయన వచ్చాడు, ఆయన పేరు చెప్పను. ముందు అరచేతిలో టెంకాయ పెట్టుకుని చేను నాలుగు మూలలా తిరిగాడు. తరవాత జేబులోంచి దారానికి కట్టిన ఇత్తడి గుండు తీశాడు. వేపచెట్టుకి ఇవతల, గట్టు పక్కన అది గిరగిరా తిరిగింది. నేను దగ్గరుండి చూశాను. నాకు ఆయన దేవుడిలాగా కనబడ్డాడు. మూడు వందల అడుగులు వేశారు. బండి హోరున తిరుగుతుంటే పైపు పక్కనుంచి తెల్లని రాతిపిండి లేచి, అమ్మ తల మీద, మా పుస్తకాల మీద, వంటింట్లో గిన్నెల మీద పడింది. చివరిదాకా పిండే వచ్చింది. ఇంకో పాయింటు పెట్టాడు, ఇంకో బోరు వేశారు. అదీ అంతే. ఎద్దులు అమ్మేశారు. అమ్మ చేతికి ఆ తరవాత చాలా ఏళ్ళు గాజులంటే మట్టిగాజులే.

మా వైపు నేల కింద గట్టిరాయి. నీళ్ళు ఆ రాతి పగుళ్ళలో ఉంటాయి. పగులు తగిలితే నీళ్ళు, తప్పితే రాతిపిండి. ఆరో శతాబ్దంలో వరాహమిహిరుడు బృహత్సంహితలో నీళ్ళజాడల మీద ఒక అధ్యాయమే రాశాడు, దకార్గళం అని. అందులో చెప్పినవి చెట్లు, పుట్టలు, మట్టి రంగు. ఆయన చెప్పినవన్నీ నిలుస్తాయని కాదు. కాని ఆయన నేల వైపు చూడమన్నాడు. మా చేలో ఆవేళ అందరం గుండు వైపు చూశాం. పాత లోలకం అందాన్ని గురించి ఎంతసేపు చెప్పినా ఈ రెండు బోర్ల సంగతి దాచిపెడితే నా మాటకి విలువ ఉండదు. అప్పు తీర్చలేనివాళ్ళకి ఇత్తడి గుండు తిరగడం ఏమిటో మా ఊళ్ళో అడిగితే చెబుతారు. పొలానికి పాయింటు కావాలంటే భూగర్భజలాల శాఖవాళ్ళని అడగండి, పక్క చేను బోరు ఎంత లోతులో పడిందో అడగండి. ఆడబిడ్డా మగబిడ్డా అని కడుపు మీద ఉంగరం వేలాడదీసే ఆట కూడా యూరప్‌లో ఉంది. అది మన ఇళ్ళల్లోకి సరదాకైనా రానీయకండి.

సాంతువాఁలో కొన్న లోలకాన్ని మొదటిసారి ఊరికి తీసుకెళ్ళినప్పుడు నాయనకి చూపించాలా వద్దా అని చాలా ఆలోచించాను. అప్పటికి ఆయనకి డెబ్బైఆరేళ్ళు. వరండాలో మంచం మీద కూర్చుని ఉన్నాడు. ఆయన చేతిలో పెట్టి, షెవ్రెల్ కథంతా చెప్పాను. కర్రదిమ్మ సంగతి, కళ్ళకి గంతల సంగతి. చేతికే తెలియకుండా చెయ్యి కదులుతుందని చెప్పాను. బోర్ల మాట నేను ఎత్తలేదు.

నాయన చాలాసేపు మాట్లాడలేదు. తరవాత, "అయితే వాడు అబద్ధం చెప్పలేదన్నమాట, పాపా" అన్నాడు.

"ఎవరు నాయనా?"

"పాయింటు చూపించినోడు. ఇన్నేళ్ళూ వాణ్ణి తిట్టుకున్నా. మోసగాడు, కావాలనే తిప్పినాడు అనుకున్నా. వానికీ నీళ్ళు పడాలనే ఉండె. ఆ పొద్దు వానికంటే ముందు నాకే కనపడె గుండు తిరిగేది."

పూస పట్టుకుని గుండుని కిందికి వదిలాడు. పెద్దతనం వల్ల అప్పటికే ఆయన చెయ్యి కొంచెం వణికేది. మంచం పక్కన, పట్టెమీదుగా గుండు చిన్నగా ఊగింది, తరవాత ఆగకుండా గుండ్రంగా తిరగడం మొదలుపెట్టింది. సాయంత్రపు ఎండ దాని అరిగిన పక్క మీద పడి, ప్రతి చుట్టుకీ ఒకసారి మెరుస్తూ ఉంది. ఏమడిగావు నాయనా అని నాకు అడగాలనిపించింది. అడగలేదు. అది తిరుగుతున్నంతసేపూ ఇద్దరం దాన్నే చూస్తూ కూర్చున్నాం. తరవాత ఆయన దారాన్ని గుండు మెడకి నెమ్మదిగా, చుట్టు మీద చుట్టు పడకుండా చుట్టి, పూసని చివరి మెలికలో దోపి, నా చేతికిచ్చాడు.